మేకలో ఏ, మేకులో ఏ

ప్రశ్న: సార్, ఆన్‌లైన్‌లో ఫ్రెంచ్ నేర్చుకుంటాన్నా. సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని తింటా కూడా ‘జ వూద్రే’ అని ప్రాక్టీస్ చేస్తా, అంటే ‘నాకు కావాలండీ’ అని మర్యాదగా అడగడం. క్లాసులో వూద్-ద్రే అన్నానని మేడమ్ నవ్వేసింది. ఇంకోటి, ‘నాకు చేయాలనుంది’ అనే ‘జెమ్‌రే’లో మధ్యనున్న ‘ఈ’ (e) అక్షరాన్ని మింగేయమంటారు, అదే ‘మాకు చేయాలనుంది’ అన్నప్పుడు మింగొద్దంటారు. ఇదేం న్యాయం?
– డిగ్రీ స్టూడెంట్, అనంతపురం

జవాబు: నవ్వితే నవ్వనీలే అమ్మా, ఆ తప్పు నీది కాదు, మన నాలుకది. ‘పత్రం’ అనమంటే మనం పత్-త్రం అని ముందక్షరం మీద ఊనుతాం, పద్యంలో ఆ ‘ప’ గురువయ్యేది అందుకే. ఫ్రెంచోళ్లకి ఆ ఊనుడు లేదు, డీ ఆర్ రెండూ కలిసి తర్వాతి ముక్కలోకే పోతాయి. వూ, ద్రే, అంతే. తమాషా ఏందంటే తెలుగులో రాసేటప్పుడు మనమూ అట్లే విడదీస్తాం, కాబట్టి రాసినట్టే పలుకు.

ఇక మింగుడు సంగతి. జెమ్‌రేలో ‘ఈ’ పోయినా మ్, ర్ రెండే మిగుల్తాయి, నోరు తిరుగుతుంది. ‘మాకు’ అన్నప్పుడు చివర ర్యోఁ వస్తుంది కదా, ‘ఈ’ తీసేస్తే మ్, ర్, య్ మూడూ ఒకదాని మీదొకటి పడి నాలుక మడతపడుతుంది, అందుకే దాన్ని ఉంచి నూ-జె-మ-ర్యోఁ అంటారు. మరి వూద్రేకి ‘మేము’ రూపంలో కాపాడ్డానికి ‘ఈ’ కూడా లేదు, అప్పుడు ‘ఐ’ (i) అక్షరమే సాగి వూ-ద్రి-యోఁ అని మూడు ముక్కలవుతుంది.

స్పెల్లింగ్ చూసి భయపడాకు, ఈ ‘అయితే చేసేదాన్నే’ రకం క్రియకుండే ఆరు రూపాల్లో నేను, నువ్వు, అతను, వాళ్లు నాలుగూ చెవికి ఒకటే. చిక్కంతా ‘నేను’ రూపం భవిష్యత్ కాలంతో కలిసిపోయినట్టు వినపడడంతోనే. ‘మాట్లాడతా’ అనే పార్లరేలో మేకు ఏ, ‘మాట్లాడేదాన్నే’ అనే పార్లరేలో మేక ఏ. రెండూ పైకి అని చూడు, మేకకి నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. చాలామంది ఫ్రెంచోళ్లే ఈ తేడా వదిలేశారు, నువ్వు మాత్రం పరీక్ష అయ్యేదాకా వదలొద్దు.

మన ఊనుడు పనికొచ్చే చోటు కూడా ఒకటుంది. ‘పరిగెత్తుతా ఉంటి’ అంటే కూరే, ‘టైముంటే పరిగెత్తేదాన్నే’ అంటే కూర్‌రే, రెండు ఆర్‌లూ వినిపించాల. అది మీ మేడమ్ ముందర గట్టిగా ఒత్తి చెప్పు.