ఆటల జవాబులు: జిమ్ స్టైన్స్, కోలబంతి ఆట

ప్రశ్న: ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడతాను, ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. పద్దెనిమిదేళ్ల దాకా గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లాండ్ ఆట) ఆడిన జిమ్ స్టైన్స్ ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి ఫుట్‌బాల్‌లో మేటి ఎలా అయ్యాడు? ఆ ఆట నాకు వస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: స్టైన్స్‌ది ఐర్లాండ్‌లోని డబ్లిన్. 1984లో మెల్‌బోర్న్ క్లబ్ తీసుకెళ్లింది. రాగానే పెద్ద జట్టులో వేయలేదు. 1986లో ప్రహ్రాన్ అనే కింది స్థాయి జట్టుకు ఆడించి, 1987లో దింపారు. 1998లో మానేసేనాటికి 264 మ్యాచ్‌లు. అందులో 244 ఒక్కటీ తప్పకుండా వరుసగా ఆడాడు, ఆ రికార్డు 2025 దాకా చెక్కుచెదరలేదు. సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ 1991లో వచ్చింది. మా దృష్టిలో మెడల్ కన్నా ఆ 244 గొప్పది.

గేలిక్ ఆటలో వంటబట్టిన పరుగు, ఎగిరి బంతి అందుకునే నేర్పు ఆయనకు అక్కరకొచ్చాయి. ఆడింది రక్ స్థానంలో: అంపైర్ బంతిని పైకి లేపితే (అప్పట్లో నేలకు కొట్టి లేపేవారు) ఇద్దరు పొడగరులు ఎగిరి తమవాళ్లకు తట్టాలి. మీ బ్లాకింగ్ టైమింగ్ ఇక్కడ పనికొస్తుంది. కాకపోతే పరుగెత్తుకొచ్చి ఒంటికాలిపై లేవాలి, ఎదుటివాడి మోకాలు పక్కటెముకలకు తగులుతుంది.

మొదటినుంచీ నేర్వాల్సింది తన్నుడు. గేలిక్ బంతి గుండ్రం, ఇది కోల. నిలువుగా, లేసు ముందువైపు ఉండేలా పట్టండి. తన్నే కాలి వైపు చేత్తో నడుము ఎత్తు నుంచి జారవిడవండి, పైకి ఎగరేయొద్దు. వేళ్లు ముందుకు చాపి, పాదం పైనున్న గట్టి ఎముకతో కింది మొనను కొట్టండి. బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ పోతే సరిగ్గా తగిలినట్టే. ఊగుతూ పోతే చాలామట్టుకు తప్పు కాలిది కాదు, చేతిది: విడిచేటప్పుడే బంతి ఒరిగి ఉంటుంది. అసలు బంతి దొరక్కపోతే రగ్బీ బంతితో మొదలుపెట్టండి, అది కాస్త లావు. 15 మీటర్ల దూరంలో ఒకరిని నిలబెట్టి, పరుగు లేకుండా తన్నండి. చేత్తో విసరడం నిషేధం. ఒక అరచేతిలో ఉంచి రెండో పిడికిలితో గుద్దాలి.

ప్రశ్న: 1987లో స్టైన్స్ వల్లే మ్యాచ్ పోయిందంటారు, నిజమా?
– పీఈటీ, జడ్చర్ల

జవాబు: నిజమే. అది ఫైనల్‌కు ముందు మ్యాచ్, ప్రత్యర్థి హాథార్న్. ఆఖరి క్షణాల్లో మెల్‌బోర్న్ 4 పాయింట్ల ముందుంది. హాథార్న్ ఆటగాడు బక్నారాకు ఫ్రీ కిక్ దొరికింది, గోల్ చాలా దూరం. స్టైన్స్ అతనికీ, అతని ఎదుట మార్క్ (ఫ్రీ కిక్ దొరికిన చోటు) మీద నిలబడ్డ తమ జట్టు మనిషికీ నడుమ నుంచి పరుగెత్తాడు. శిక్షగా అంపైర్ 15 మీటర్లు ముందుకు జరిపాడు. బక్నారా గోల్ కొట్టాడు. గోల్‌కు 6 పాయింట్లు; మెల్‌బోర్న్‌కు 2 పాయింట్లతో ఓటమి. మరుసటేడు ఆ శిక్షను 50 మీటర్లు చేశారు. మీ పిల్లలకు మొదటిరోజే చెప్పండి: ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ రాగానే మార్క్ మీదున్నవాడి వెనకనుంచి, దూరంగా చుట్టి వెళ్లాలి.