పాదం పైకి లేవడం లేదు.. పక్షవాతమా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఫ్లోర్ టైల్స్ పరుస్తాను. గత వారం రోజంతా గొంతుక్కూర్చుని పని చేసి లేచాక కుడి పాదం పైకి లేవడం లేదు, నడుస్తుంటే వేళ్లు నేలను రాసుకుంటున్నాయి. మడమ మీది నుంచి వేళ్ల మీదికి మాత్రం లేవగలుగుతున్నాను. నడుము నొప్పి లేదు. ఇది పక్షవాతమా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది ‘ఫుట్ డ్రాప్’. మెదడుకు వచ్చిన పక్షవాతం కంటే, మోకాలి దగ్గర పాదాన్ని ఎత్తే నరం నొక్కుకుపోయి ఉండే అవకాశమే ఎక్కువ.

పాదాన్ని ఎత్తే కండరానికి ఆజ్ఞను చేరవేసే నాడీకణం నడుము ప్రాంతపు వెన్నుపాములో ఉంటుంది. దాని నుంచి బయల్దేరిన సన్నని పోగు మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా మోకాలి కింద కాలి ముందు భాగంలోని కండరం దాకా సాగుతుంది. విద్యుత్ సంకేతం సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో ఆ పోగు చివరికి చేరగానే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం ముడుచుకుంటుంది. ఈ నరం మోకాలి కింద, బయటివైపు చేతికి తగిలే ఎముక బుడిపెను చుట్టుకుని చర్మానికి దగ్గరగా వెళ్తుంది కనుక, గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అక్కడ నలిగిపోతుంది. వేళ్ల మీద లేపే కండరాలకు వేరే నరం ఉంది, అందుకే ఆ బలం మీకు తగ్గలేదు.

నరం పోగు పైపొర మాత్రమే దెబ్బతింటే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో కోలుకుంటుంది. పోగే తెగితే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి కాబట్టి నెలలు పడుతుంది.

అలాగని ఇంట్లోనే ఎదురుచూడకండి, ఈ వారమే న్యూరాలజిస్టును కలవండి. పాదాన్ని లోపలికి తిప్పే బలం కూడా తగ్గితే సమస్య నడుములోని నరం మూలంలో ఉండొచ్చు. నరాల పరీక్ష (ఎన్‌సీఎస్, ఈఎంజీ) సమస్య మొదలైన మూడు వారాల తర్వాత చేస్తే స్పష్టమైన ఫలితం వస్తుంది. షుగర్ పరీక్ష చేయించుకోండి. ఒంటి మీద స్పర్శ తెలియని మచ్చలుంటే దాచకుండా చెప్పండి, ఎందుకంటే కుష్ఠువ్యాధి కూడా ఇదే నరాన్ని దెబ్బతీస్తుంది, దానికి ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం.

అప్పటిదాకా గొంతుక్కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం మానండి. ఆ బుడిపె మీద మర్దన వద్దు. పాదాన్ని నిలబెట్టే స్ప్లింట్ ధరిస్తే తట్టుకుని పడిపోరు. మడమ వెనుక తాడులా తగిలే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపేది) బిగుసుకుపోకుండా పాదాన్ని చేత్తో పట్టుకుని రోజూ పైకి కదిలించండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.