చిన్న ట్రాక్టర్‌తో రెండంతస్తుల వర్క్‌షాప్ సొంతంగా కట్టుకోవచ్చా?

మీ ప్రశ్న ఇది కదా: ముందు లోడర్ (బకెట్‌తో బరువులెత్తే చేతులు) ఉన్న 25 హార్స్‌పవర్ ట్రాక్టర్ ఒకటి, మనుషులు ఇద్దరు. క్రేన్ పిలవకుండా కింద పని చేసుకునే చోటు, పైన సామాను గది కట్టుకోగలమా అని. కట్టుకోవచ్చు. నేనూ మా బావమరిదీ సెలవు రోజుల్లో కట్టాం, 6 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు. కాకపోతే మీరు బిల్డింగ్ ప్లాన్ ముందు గీసుకుని, ట్రాక్టర్ ఏం మోయగలదో తర్వాత చూద్దామంటున్నారు. అక్కడే తేడా కొడుతుంది. ట్రాక్టర్ మోయగలిగే ముక్కలతోనే ప్లాన్ గీయించండి.

లోడర్ పుస్తకంలో 500 కిలోలు అని రాసి ఉంటే సంబరపడకండి. ఆ లెక్క బకెట్‌ను లోడర్ చేతులకు తగిలించే పిన్నుల దగ్గరదా, అర మీటరు ముందుదా? నేలకు దగ్గరగానా, పూర్తి ఎత్తులోనా? బరువు ముందుకు జరిగేకొద్దీ ఎత్తే శక్తి పడిపోతుంది. నా లోడర్ పిన్నులు 2.3 మీటర్ల దాకా లేస్తాయి. పై అంతస్తు 2.7 మీటర్ల దగ్గర. అంటే దూలాన్ని నేరుగా ఎత్తి కూర్చోబెట్టే ఆశ మొదట్లోనే పోయింది.

అందుకే ఫ్రేములు నేల మీదే బిగించి నిలబెట్టాం. రెండు స్తంభాలు, మధ్యలో అంతస్తు దూలం, పైన ఇంకో దూలం, అన్నీ బోల్టులే. 200 మిల్లీమీటర్ల ఐ బీమ్ (I ఆకారపు ఉక్కు దూలం) మీటరుకు దాదాపు 25 కిలోలు, కాబట్టి 6 మీటర్ల దూలం 150 కిలోలు. మొత్తం ఫ్రేము 400 కిలోలు తూగింది. ఎత్తు 5.5 మీటర్లు. ఇలాంటివి నాలుగు, మూడేసి మీటర్ల దూరంలో. ఏ సైజు దూలం, ఎన్ని బోల్టులు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క వేయించండి. ఇంటి గదికి చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్కలోకి తీసుకుంటారు. ఇనుప సామాను పేర్చే అంతస్తుకు అది చాలదు.

మొదటి ఫ్రేము రోజు నాకు ఇంకా గుర్తుంది. పాదాలను పునాది బోల్టుల పక్కన మడత బందుల్లా తిరిగేలా బిగించాం. లోడర్‌తో తల భాగాన్ని 2 మీటర్లు లేపి కింద దిమ్మలు పెట్టాం. ట్రాక్టర్‌ను అవతలి వైపుకు తిప్పి, తల నుంచి తాడు కట్టి లాగాను. ఫ్రేము కదల్లేదు, టైర్లు మాత్రం మట్టి గీరుకుంటూ తిరిగాయి. ఇంజిన్‌కు బలం చాలలేదనుకుని ఇంకో గేరు వేశాను కూడా! అసలు తప్పు తాడు కోణానిది. అంత పల్లంగా లాగితే 400 కిలోల ఫ్రేముకు రెట్టింపు బలం కావాలి. పాదాల దగ్గర 3 మీటర్ల పైపులు రెండు కత్తెరలా నిలబెట్టి, తాడును వాటి తల మీదుగా తీసుకెళ్తే ఆ బలం సగానికి పడిపోయింది. రెండోసారి క్లచ్ వదిలీ వదలగానే ఫ్రేము లేచింది.

సగం దాటాక ఫ్రేము తేలికవుతుంది. భయం అప్పుడే మొదలవుతుంది. నిట్టనిలువు దాటితే అది ట్రాక్టర్ వైపే పడుతుంది. వెనక నుంచి పట్టి ఉంచే తాడు ఒకటి, లాగడం మొదలుపెట్టక ముందే, బలమైన మేకుకో చెట్టుకో చుట్టి ఉండాలి. బావమరిది దాన్ని కొంచెం కొంచెంగా వదులుతూ, ఇంకో చేత్తో నాకు సైగలు చేశాడు. డ్రైవర్ సీటులో వెనక్కి తిరిగి చూస్తుంటే నిలువు తెలీదు, వాడి చెయ్యే నాకు నిలువు చూపించే తూకం గుండు. అరుపులు వద్దనుకున్నాం, ఇంజిన్ మోతలో "ఆపు" కూడా "లాగు" లాగే వినిపిస్తుంది. ట్రాక్టర్‌ను పాదాల నుంచి 12 మీటర్ల దూరంలో ఉంచాం, పడినా అందకుండా.

తాడును వెనక కిందున్న డ్రాబార్‌కే, అంటే ట్రాలీ తగిలించే కడ్డీకే కట్టండి. ఇరుసు కన్నా ఎత్తులో కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి బోల్తా కొట్టొచ్చు. పైన రోల్ బార్ (బోల్తా పడితే డ్రైవర్‌ను కాపాడే ఇనుప చట్రం) ఉండాలి, సీటు బెల్టు పెట్టుకోవాలి. ఈ విషయంలో నేను మొహమాటపడను.

ఒక్కో ఫ్రేమును నిలబెట్టాకే తర్వాతది పరవాలి, ఎందుకంటే పడుకున్న ఫ్రేము పక్కదాని జాగా దాటిపోతుంది. చివరిది బిల్డింగ్ హద్దు బయటికి 5.5 మీటర్లు వస్తుంది. నేను సరిగ్గా అక్కడే ఇసుక పోయించుకున్నాను. దాన్ని బకెట్‌తో పక్కకు తోడటానికి ఒక పూట పోయింది.

వెనక బరువు లేకుండా లోడర్ వాడొద్దు. ఒకసారి చిన్న వాలు మీద, దూలం ఎత్తి పట్టుకుని తిరుగుతుంటే వెనక చక్రం జానెడు లేచింది. ఇలాంటి ట్రాక్టర్లకు చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం? లోడర్ దించేశాను, నిలబడింది. ఆ రాత్రే 200 లీటర్ల డ్రమ్మును సగానికి కోసి కాంక్రీటు నింపాను, దాదాపు 240 కిలోలు. అప్పటి నుంచి వెనక పనిముట్లు తగిలించే లింకులకు అది లేకుండా ట్రాక్టర్ కదల్లేదు. ఇంకో మాట, బకెట్ నిండా మట్టి మోసిందని నిండా కాంక్రీటు పోయకండి. ఘనమీటరు కాంక్రీటు 2,400 కిలోలు.

పునాది గుంతలు పీటీఓకు (ఇంజిన్ బలంతో పనిముట్లను తిప్పే వెనక ఇరుసు) తగిలించే ఆగర్‌తో, అంటే గుంతలు తవ్వే పెద్ద మరతో, గంటల్లో అయిపోతాయి. పీటీఓ వేగం తగ్గించి, జానెడు జానెడుగా దించుతూ మట్టి పైకి లాగుతూ ఉండండి. ఒకేసారి దించితే స్క్రూలా దిగి ఇరుక్కుంటుంది. మూలమట్టానికి 3, 4, 5 కొలతలు (మూల నుంచి ఒక వైపు 3, ఇంకో వైపు 4 మీటర్లు కొలిస్తే ఆ చివరల మధ్య 5 రావాలి), ఆపైన ఎదురెదురు మూలల మధ్య దూరాలు సమానమో కాదో చూసుకుంటే చాలు.

పై అంతస్తుకు షీట్లు, చెక్కలు లోడర్‌కు బకెట్ బదులు తగిలించే ఫోర్కుల మీద 2.3 మీటర్ల దాకా లేపి, అక్కడి నుంచి చేతులతో జరిపాం. మనిషిని మాత్రం బకెట్‌లో ఎక్కించలేదు, నట్టు బిగించడానికి స్కాఫోల్డింగే. సామాను పైకి లాగడానికి పై అంతస్తులో మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు ఖాళీ వదిలి, దాని మీద కప్పు దూలానికి చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువులెత్తే కప్పీ) వేలాడదీసే ఏర్పాటు చేయించండి. ఆ బరువు కూడా ఇంజనీరుకు ముందే చెప్పాలి. నేను చెప్పడం మరిచిపోయి, తర్వాత ఆ దూలానికి ప్లేట్లు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది.