గ్రాంట్ రైటింగ్ చేస్తానంటోంది, చేయనివ్వాలా?

ప్రశ్న: మేం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. మా అమ్మాయి ఎంఏ ఇంగ్లిష్ పూర్తి చేసింది. ఏడాదిగా శని, ఆదివారాల్లో బోరబండ వెళ్లి, ఆడవాళ్లకు కుట్టుపని నేర్పే ఒక చిన్న సంస్థకు సాయం చేస్తోంది. ఇప్పుడు బ్యాంకు పరీక్షలు రాయనని, గ్రాంట్ రైటర్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. అందుకు 60 వేలు కట్టి ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ కోర్సు చేయాలట. అసలు ఇదొక ఉద్యోగమేనా? జీతం ఇస్తారా, తెచ్చిన డబ్బులో కమిషన్ ఇస్తారా? ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగమేనండీ, నెలనెలా జీతం వచ్చే ఉద్యోగమే. స్వచ్ఛంద సంస్థకు దాతల నుంచి నిధులు (గ్రాంట్లు) అడుగుతూ దరఖాస్తులు, అంటే ప్రపోజల్స్ రాయడమే ఈ పని. కాకపోతే 'గ్రాంట్ రైటర్' అని వెతికితే హైదరాబాద్‌లో ప్రకటనలు పెద్దగా దొరకవు. మన దగ్గర ఈ పనికి వేరే పేర్లున్నాయి. రిసోర్స్ మొబిలైజేషన్ ఆఫీసర్, ఫండ్‌రైజింగ్ అసోసియేట్, పార్ట్‌నర్‌షిప్స్ ఎగ్జిక్యూటివ్, ఒక్కోసారి ఉత్త డాక్యుమెంటేషన్ ఆఫీసర్. డెవ్‌నెట్ లాంటి జాబ్ సైట్లలో ఈ పేర్లతో చూడమనండి. చిన్న సంస్థల్లో ప్రపోజల్ రాసే మనిషే వార్షిక నివేదిక కూడా రాయాలి, ఫొటోలు తీయాలి, దాతలు చూడటానికొస్తే బస్తీకి వెంటబెట్టుకుని వెళ్లాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మీ అసలు అనుమానం అయ్యుంటుంది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. సీఎస్‌ఆర్ అని మీరు వినే ఉంటారు. కొన్ని కంపెనీలు సొంతంగా ఫౌండేషన్లు పెట్టుకుంటాయి, చాలా కంపెనీలు స్వచ్ఛంద సంస్థల చేత పని చేయిస్తాయి. విదేశీ విరాళాల సంగతి వేరు. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి. 2020లో ఆ చట్టాన్ని సవరించి, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థల చేతుల మీదుగా వచ్చే డబ్బుతో నడిచిన చిన్న సంస్థలకు అది గట్టి దెబ్బ. వాళ్లంతా ఇక్కడి కంపెనీల తలుపు తట్టక తప్పలేదు. తలుపు తట్టాలంటే కాగితం రాసిచ్చే మనిషి కావాలి కదా. మీ అమ్మాయికి అవకాశం ఉన్నది అక్కడే.

కమిషన్ మాట ఎవరైనా ఎత్తితే అటునుంచి అటే వచ్చేయమనండి. 'గ్రాంట్ వస్తే పది శాతం నీకే' అని ఆశ పెట్టే సంస్థలు ఉంటాయి. అమెరికాలోని అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ తన నియమావళిలోనే, తెచ్చిన మొత్తంలో శాతం తీసుకోవడం కుదరదని రాసుకుంది. నీతి సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. దాత ఇచ్చే ప్రతి రూపాయికీ బడ్జెట్‌లో ఒక పద్దు ఉంటుంది, కమిషన్‌కు పద్దు ఉండదు. విదేశీ డబ్బయితే ఆఫీసు ఖర్చులన్నీ కలిపి 20 శాతం దాటకూడదు. 2020కి ముందు ఆ పరిమితి 50 శాతం. ఇక ఆ పది శాతం ఎక్కడి నుంచి తీసిస్తారు? పైగా గ్రాంట్ రాకపోతే మూడు నెలలు రాసిన పనికి పైసా ఉండదు. బయటి సంస్థకు రాసిపెట్టినా ఫలానా పనికి ఇంత అని ముందే మాట్లాడుకోవాలి.

ఇక కోర్సు. ఆ 60 వేలు ఇప్పుడే కట్టకండి. ముందు సిలబస్ తెప్పించుకుని చూడండి. అది అమెరికా ఫెడరల్ గ్రాంట్ల చుట్టూ తిరిగేదైతే బోరబండలో దానితో పని లేదు. ఇక్కడ ఉద్యోగమిచ్చేవాళ్లు సర్టిఫికెట్ కన్నా ముందు 'మీరు రాసిన ప్రపోజల్ ఒకటి చూపించండి' అంటారు. ఆదాయపు పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ అంటే ఏంటి, సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థకు 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన సీఎస్‌ఆర్-1 నమోదు ఫారం ఏంటి, స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఎందుకు, ఇవన్నీ తను వెళ్లే సంస్థ బీరువాలో ఫైళ్లుగానే ఉంటాయి. అడిగి తిరగేస్తే రెండు వారాల్లో తెలిసిపోతాయి, ఖర్చు లేకుండా.

మీరు అడగలేదు గానీ, నాకు భయం వేరే చోట ఉంది. ఎంఏ ఇంగ్లిష్ చేసిన పిల్లలు ఈ పనంటే చక్కటి ఇంగ్లిష్ రాయడమే అనుకుంటారు. చక్కటి ఇంగ్లిష్‌ను ఇప్పుడు చాట్‌జీపీటీ నిమిషంలో ఇస్తుంది. 'అణగారిన మహిళల సమగ్ర సాధికారత' అంటూ మొదలయ్యే ప్రపోజల్ కంపెనీ వాళ్ల టేబుల్ మీదికి వచ్చిందంటే, అలాంటివి అప్పటికే ఓ కట్ట ఉంటుంది. వాళ్ల చూపు నేరుగా బడ్జెట్ పేజీకి పోతుంది.

తను చూస్తున్న కుట్టుపని కేంద్రాన్నే తీసుకుందాం. 40 మందికి శిక్షణ, 20 మంది చొప్పున రెండు బ్యాచ్‌లు, ఒక్కోటి మూడు నెలలు అనుకోండి. కుట్టుమిషన్లు 20, ఒక్కోటి 9 వేలు: లక్షా 80 వేలు. నేర్పే ఆవిడకు నెలకు 20 వేలు, ఆరు నెలలకు లక్షా 20 వేలు. గది అద్దె నెలకు 12 వేలు, అంటే 72 వేలు. బట్ట, దారం, కత్తెరలకు మనిషికి 1,500 చొప్పున 60 వేలు. మొత్తం 4 లక్షల 32 వేలు. మనిషికి 10,800 పడింది. అంకెలు నేను ఉదాహరణకు వేసినవే. చూడటానికి బాగానే ఉంది కదా? కానీ ఇందులో కరెంటు బిల్లు లేదు. మిషన్ల రిపేరు లేదు. లెక్కలు చూసే మనిషి జీతం లేదు, ఆడిట్ ఫీజు లేదు. ప్రాజెక్టు అయ్యాక ఆ 20 మిషన్లు ఎవరివి? నేర్చుకున్న 40 మందిలో ఎంతమంది నెలకు ఎంత సంపాదిస్తే ఇది పని చేసినట్టు? ఆ సంగతి ఎవరు, ఎప్పుడు, ఎలా కనుక్కుంటారు? కంపెనీ వాళ్లు అడిగేవి ఇవే. 40 మందికి నేర్పడాన్ని వాళ్ల భాషలో అవుట్‌పుట్ అంటారు, ఆ తర్వాత వాళ్ల సంపాదన పెరగడం అవుట్‌కమ్. కొత్తవాళ్లు మొదటిది రాసి రెండోది రాశామనుకుంటారు.

ఇంకొకటి, బడ్జెట్‌లో అస్సలు కనబడనిది. ఇలాంటి శిక్షణలకు వచ్చే ఆడవాళ్లు మధ్యలో మానేస్తుంటారు. ఎందుకని వాళ్లనే అడిగితే, చంటిపిల్లను చూసుకునేవాళ్లు ఇంట్లో లేరని చెప్పొచ్చు, లేదా నీళ్లొచ్చే టైమూ క్లాసు టైమూ ఒకటే కావచ్చు. ఆ మాట విన్న మనిషి బడ్జెట్‌లో పిల్లల్ని చూసుకునే ఆయాకు ఒక పద్దు పెడుతుంది, క్లాసు మధ్యాహ్నానికి మారుస్తుంది. ఏడాదిగా బోరబండ వెళ్తున్న మీ అమ్మాయికి ఇలాంటివి ఇప్పటికే తెలిసి ఉంటాయి. అవి కాగితం మీద పెట్టాలని బహుశా తట్టి ఉండదు.

అందుకే కోర్సు డబ్బు పక్కన పెట్టి, ఎక్సెల్ బాగా నేర్చుకోమనండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, బడుల వివరాలుండే యూడైస్ లాంటి ప్రభుత్వ లెక్కల్లోంచి తనకు కావలసిన అంకె ఏరుకోవడం అలవాటు చేసుకోమనండి. ఆ సంస్థ అకౌంటెంట్ పక్కన నాలుగు రోజులు కూర్చున్నా మంచిదే. డబ్బొచ్చాక రిపోర్టులు, డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వేళకు పంపకపోతే రెండో విడత ఆగిపోతుంది, ఆ మాట ప్రపోజల్ రాసిన మనిషి మీదికే వస్తుంది.

తర్వాత పై చదువు కావాలనుకుంటే గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కాలేజీలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) ఉంది, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)కు హైదరాబాద్‌లో క్యాంపస్ ఉంది. ఒకటి రెండేళ్లు పని చేశాక చూసుకోవచ్చు. సైన్స్ వైపు ఇంకో దారి కూడా ఉంది. పటాన్‌చెరులో పంటల పరిశోధన చేసే ఇక్రిశాట్, ఉప్పల్ రోడ్డులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల పరిశోధనలు నడిచేది గ్రాంట్ల మీదే. వైద్య పరిశోధనకు ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు మన ఊళ్లోనే ఉంది. శాస్త్రవేత్తల దరఖాస్తులకు సాయపడే రీసెర్చ్ మేనేజర్లు అనే వర్గం ఇప్పుడిప్పుడే తయారవుతోంది. సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లకు అక్కడ పైచేయి, మీ అమ్మాయికి మొదటి దారే సులువు.

జీతం గురించి దాచకుండా చెప్తాను. మొదట్లో తక్కువే, పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చకండి. అంతకన్నా పెద్ద చిక్కు, ఈ రంగంలో చాలా ఉద్యోగాలు ఏదో ఒక గ్రాంట్‌కు ముడిపడి ఉంటాయి. గ్రాంట్ అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. అందుకే మొదట్లోనే ఫ్రీలాన్స్ అంటే ఒప్పుకోకండి. నలుగురైదుగురు దాతలున్న ఓ మాదిరి సంస్థలో, పైన ఒక సీనియర్ ఉండే చోట చేరడం మంచిది.

బ్యాంకు పరీక్షల గురించి మీ బాధ అర్థమైంది. ఐబీపీఎస్ పీవో పరీక్షకు జనరల్ కేటగిరీలో 30 ఏళ్ల వరకూ వయసుంది. అప్పుడే ఎంఏ చేసిన పిల్లకు ఒక్క ఏడాది ఇచ్చినంత మాత్రాన ఆ దారేం మూసుకుపోదు. ఇష్టం లేకుండా కోచింగ్‌లో కూర్చోబెడితే మాత్రం ఫీజూ పోతుంది, ఏడాదీ పోతుంది.

ఈ నెలలోనే ఆ బోరబండ కేంద్రానికి రెండు పేజీల కాన్సెప్ట్ నోట్ (పూర్తి ప్రపోజల్‌కు ముందు రాసే క్లుప్త వివరం), ఒక పేజీ బడ్జెట్ రాయమనండి. ఇంగ్లిష్ రాని మీ ఇంట్లోవాళ్లకు దాన్ని తెలుగులో చెప్పి, ఎవరి కోసం, ఎంత ఖర్చుతో, ఏం మారుతుందో అర్థమైందా అని అడగాలి. అర్థం కాకపోతే మళ్లీ రాయాలి. సంస్థ దాన్ని ఏ కంపెనీకైనా పంపితే సరే, పంపకపోయినా చూపించడానికి చేతిలో ఒక శాంపిల్ ఉంటుంది. కాకపోతే బయట చూపించే ముందు సంస్థ అనుమతి తీసుకుని, లబ్ధిదారుల పేర్లు, దాత పేరు తీసేయాలి. ఇంకొకరి ప్రపోజల్ ఉన్నదున్నట్టు చూపించే మనిషిని ఎవరూ పనిలోకి తీసుకోరు. ఇంటర్వ్యూకి పిలుపొస్తే జీతం ఎంతని అడిగాక, 'నా జీతం ఏ గ్రాంట్‌లోంచి వస్తుంది, అది ఎప్పటిదాకా ఉంది?' అని కూడా మొహమాటం లేకుండా అడగమనండి.