ఫుటీ ప్లేయర్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

మెల్‌బోర్న్ నుంచి నువ్వు పంపిన ఆర్టికల్ రెండుసార్లు చదివా. ఫుటీ, అదే ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్ ఆడిన జిమ్ స్టైన్స్ ని ఎంచుకున్నావు చూడు, దానికే నీకు సగం మార్కులు వేసేశా. కానీ 1966లో డబ్లిన్ లో పుట్టాడు, 264 మ్యాచులు ఆడాడు, 1991లో సీజన్ బెస్ట్ ప్లేయర్ కిచ్చే బ్రౌన్‌లో మెడల్ వచ్చింది అని వరసగా పేర్చుకుంటూ పోయావు, బయోడేటా చదువుతున్నట్టుంది రా.

నన్నడిగితే 1987 సెప్టెంబర్, వేవర్లీ పార్క్ స్టేడియం దగ్గర మొదలెట్టు. ప్రిలిమినరీ ఫైనల్ అది, గెలిస్తే గ్రాండ్ ఫైనలే. అతని టీమ్ మెల్‌బోర్న్ 1964 తర్వాత ఫైనల్స్ మొహం చూడలేదు, అలాంటిది ఆ రోజు చివరి క్షణాల్లో హాథోర్న్ మీద 4 పాయింట్లు ముందుంది. అవతల గ్యారీ బకెనారాకి ఫ్రీ కిక్ వచ్చింది, కానీ గోల్ చాలా దూరం, కొట్టినా అందేలా లేదు. అప్పుడు స్టైన్స్ తను కాపలా కాయాల్సిన ప్లేయర్ వెంట పడి, బకెనారా ముందు నుంచి అడ్డంగా పరిగెత్తేశాడు. ఫ్రీ కిక్ కొట్టేవాడి ముందు అలా దాటకూడదు. అంపైర్ కిక్ ని 15 మీటర్లు ముందుకి జరిపాడు, ఆట అయిపోయినట్టు సైరన్ మోగాక బకెనారా కిక్ కొట్టాడు, గోల్, 6 పాయింట్లు. 80-78, మెల్‌బోర్న్ ఇంటికి.

ఇక్కడ ఆగి చెప్పు, అలా ఎందుకు పరిగెత్తాడో. అతను 1984లో డబ్లిన్ నుంచి వచ్చిన 18 ఏళ్ళ కుర్రాడు, అక్కడ ఆడింది గేలిక్ ఫుట్‌బాల్, బంతి గుండ్రంగా ఉంటుంది. ఇక్కడిది కోలగా ఉంటుంది, నేల మీద పడితే ఎటు లేస్తుందో దానికే తెలీదు. చిన్నప్పట్నుంచీ ఈ ఆట ఆడినోడికి ఆ దాటకూడని గీత ఎక్కడుందో కాళ్ళకే తెలిసిపోతుంది, ఇతను మూడేళ్ళలో అదంతా నేర్చుకోవాల్సొచ్చింది. ఇది నా ఆలోచనే, నీకు వేరేలా అనిపిస్తే అదే రాయి. అన్నట్టు, ఉత్త ఫుట్‌బాల్ అని రాయకు, మనోళ్ళకి వెంటనే మెస్సీ గుర్తొస్తాడు. ఫుటీ అనే రాయి, రెండో పేరాకల్లా అలవాటు పడిపోతారు.

ఇంకోటి, "ఆ రాత్రంతా వెక్కివెక్కి ఏడ్చాడు" అని రాశావు. నువ్వు చూశావా? డ్రెస్సింగ్ రూమ్ లో కోచ్ జాన్ నార్తీ అతని మీద మండిపడటం కెమెరాకి చిక్కింది, అది ఉందిగా, అది చాలు. లేని ఏడుపు పెడితే ఉన్న నిజం కూడా నమ్మబుద్ధి కాదు.

244 మ్యాచులు ఒక్కటి కూడా మిస్సవకుండా వరసగా ఆడాడు, 1987 నుంచి 1998 దాకా. నువ్వు దాన్ని ఒక్క లైన్లో తేల్చేశావు, నాకు బాధేసింది. అతను రక్‌మన్, అంటే అప్పట్లో అంపైర్ బంతిని నేలకేసి కొట్టి పైకి లేపిన ప్రతిసారీ ఎదుటి టీమ్ పొడగరితో గాల్లో ఢీకొనాలి, మోకాలు తొడకి తగుల్తుందో పక్కటెముకకి తగుల్తుందో తెలీదు, మళ్ళీ వారం రెడీగా ఉండాలి. నేను కొత్తలో ఒక కబడ్డీ కుర్రాడి గురించి రాశా, మెడల్స్ అన్నీ లెక్కపెట్టి మరీ రాశా. పేపర్ తీస్కెళ్ళి వాళ్ళమ్మకి చదివి వినిపిస్తే ఆవిడ అంతా విని, "మోకాలి సంగతి రాయలేదేం బాబూ" అంది. రెండేళ్ళు రోజూ రాత్రి ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి కాపడం పెట్టిందంట. పొయ్యి పక్కన ఆ ఇటుక ఇంకా ఉంది, ఒక మూల నల్లబడిపోయి. నేను ఆ ఇంట్లో గంటసేపు కూర్చుని కూడా దాన్ని చూడలా. స్టైన్స్ 244 వెనక అలాంటి ఇటుక ఏదో ఉంటుంది, వెతుకు.

బ్రౌన్‌లో మెడల్ కి ఓట్లు వేసేది అంపైర్లని నువ్వు రాయనేలేదు! ప్రతి మ్యాచ్ లో ముగ్గురికి 3, 2, 1 వేస్తారు. 87లో ఒక అంపైర్ విజిల్ తో కుప్పకూలినోడికి నాలుగేళ్ళ తర్వాత ఆ సీజన్ లో బెస్ట్ ప్లేయర్ అని అంపైర్లే ఓట్లేశారు. ఇంత మంచి ముక్క చేతిలో ఉంచుకుని ఎలా వదిలేశావో!

ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్ మాత్రం దక్కలేదు, 1988 గ్రాండ్ ఫైనల్ లో అదే హాథోర్న్ మీద 96 పాయింట్ల తేడాతో ఓడారు. రిటైరయ్యాక 2008లో అప్పుల్లో ఉన్న తన క్లబ్ కి ప్రెసిడెంట్ అయ్యాడు, మరుసటేడు కేన్సర్ అని తెలిసినా ఆ అప్పు తీర్చే పని ఆపలేదు, 2012 మార్చిలో 45 ఏళ్ళకే పోయాడు. ఈ భాగం చిన్నగా రాయి, గొంతు పెంచకు, దండేసిన ఫోటోలా చెయ్యకు.

వేవర్లీ పార్క్ చుట్టూ ఇప్పుడు ఇళ్ళు కట్టేశారు, కానీ ఆ ఓవల్ ఉంది, స్టాండ్ లో కొంత భాగం ఉంది. శనివారం వెళ్ళు. ఫ్రెండ్ ఎవడైనా ఉంటే తోడు తీస్కెళ్ళు, ఒక 15 మీటర్లు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి చూడు. తర్వాత మొదటి పేరా మళ్ళీ రాసి పంపు, ఆదివారం ఇంట్లోనే ఉంటా.

మీ అన్న