ముందు తీర్మానాల పుస్తకం చూడు

అమ్మాయీ,

మీ గ్రామసభ వేసిన అడవి కమిటీకి నువ్వు కార్యదర్శివయ్యావని తెలిసి సంతోషించాను. వెంటనే మొక్కలు నాటిస్తానని రాశావు. వానలు పడ్డాక చూసుకోవచ్చు. ముందు తీర్మానాల పుస్తకం సంగతి చూడు.

అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. ఆ లెక్క ఎలా నిండుతుందో నీకు తెలియనిది కాదు. సభ ముగిశాక ఎవరో ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించుకొస్తారు. దీన్ని మొదటి సభలోనే ఆపు. తీర్మానం రాసిన చోటే, అందరి ముందూ గట్టిగా చదివించు. అందరికీ తెలుగు రాకపోతే వాళ్ల భాషలో చెప్పించు. సంతకాలు ఆ తరువాతే. సభ మాత్రం వంటవేళ పెట్టకు.

కట్టెలు తెచ్చేది ఆడవాళ్లు, అడవిలో ఎవరూ అడుగు పెట్టకూడదని తీర్మానించేది మగవాళ్లు అయితే ఆ కట్టుబాటు నిలవదు. పొయ్యి ఆగదు కాబట్టి చీకట్లోనో, పక్క ఊరి అడవిలోనో కొట్టుకొస్తారు. అడవిలో ఏ వైపు మూయాలో, ఎండుపుల్లలు ఎప్పుడు ఏరుకోవచ్చో వాళ్లనే అడిగి రాయి. కమిటీలో ఒక్క స్త్రీని పేరుకు కూర్చోబెడితే ఆమె నోరు విప్పదు. భారత్, నేపాల్ అటవీ సంఘాలను పరిశీలించిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్, స్త్రీలు పావు నుంచి మూడో వంతు దాకా ఉంటే సభలకు రావడం, మాట్లాడడం బాగా పెరుగుతుందని తేల్చారు.

ఇక చదువు. సంతకం నేర్పి అక్షరాస్యత అనడం నాకు నచ్చదు. వేలిముద్ర వేసిన మనిషి తనకు చదివి చెప్పలేదని అడగగలదు. సంతకం పెట్టిందంటే చదివే పెట్టిందంటారు! రాత్రిబడిలో వాచకం తరువాత చూడొచ్చు, ముందు తునికాకు కట్టల లెక్క, కాటా మీద అంకె, బ్యాంకు పాస్‌బుక్కు చదివించు. అటవీ హక్కుల నియమాలకు 2012లో చేసిన సవరణ తరువాత వెదురు వంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు రవాణా అనుమతి ఇచ్చేది మీ కమిటీయే, లేదా గ్రామసభ అధికారమిచ్చిన మనిషి. ఆ పత్రం చదవలేని వాళ్ల చేత దాని మీద సంతకం పెట్టించకు. బ్యాంకులో డబ్బు తీసే ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి, పాస్‌బుక్కు ఆమే సభలో చదవాలి.

పాత కార్యదర్శి లెక్కలు అప్పగించడానికి జాప్యం చేస్తే ఒక్కదానివే వెళ్లి గొడవపడకు. గ్రామసభలో పెట్టు, రాత్రిబడి ఆడవాళ్ల చేత అడిగించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ