మరిచిపోయిన ఫాంప్రిడిన్ మాత్ర: రాత్రికి రెండు వేయకండి
బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసుకు బయలుదేరే హడావుడిలో మీ అక్కగారు ఉదయం ఫాంప్రిడిన్ (మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్నవారికి నడక కోసం ఇచ్చే మందు) మరిచిపోయారని, రాత్రికి రెండు కలిపి ఇవ్వవచ్చా అని మీరు అడిగారు. వద్దండీ, దయచేసి వద్దు. తప్పిన మోతాదు వదిలేసి, రాత్రి మాత్రను మామూలు వేళకే ఇవ్వండి.

మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నరాల పైపొర దెబ్బతిన్నచోట పొటాషియం బయటికి జారిపోయి సంకేతం నీరసిస్తుంది. ఈ మందు ఆ దారులను మూసి సంకేతాన్ని ముందుకు సాగనిస్తుంది. పైపొరను మాత్రం బాగుచేయదు. మోతాదు మించితే అదే గుణం మెదడును అతిగా ఉత్తేజపరచి మూర్ఛ తెప్పించగలదు. అందుకే 10 మిల్లీగ్రాముల మాత్రల మధ్య 12 గంటల ఎడం. నెమ్మదిగా మందును వదిలే మాత్ర కనుక విరవకూడదు, నూరకూడదు.

ఆమెకు గతంలో ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉన్నా, మూత్రపిండాల సమస్య ఉన్నా ఈ రోజే న్యూరాలజిస్టుకు చెప్పండి.